పోపు వాసనకే మొదలయ్యే దగ్గు: ఒక తెలుగు టీచరమ్మ కేసు

నేను వరంగల్ వైపు ఒక పట్నంలో ఊపిరితిత్తుల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఈ కేసు రాయడానికి పేషెంటు ఒప్పుకున్నారు. ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి మాత్రం జరిగింది జరిగినట్టే ఉన్నాయి.

2022 నవంబరులో ఒక మధ్యాహ్నం ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని ఓపీకి వచ్చారు. వయసు 54. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరు. కూతురి చేతిలో ఫైలు, ఆమె చేతిలో బట్టల షాపు సంచి, అందులో సీసాలు గలగలమంటున్నాయి. కుర్చీలో కూర్చుని "నమస్తే సార్" అన్నారు. అంతే, దగ్గు అందుకుంది. పొడి దగ్గు, తెరలు తెరలుగా. ఒక తెర ఆగడానికి దాదాపు నిమిషం పట్టింది. కళ్లల్లో నీళ్లు, నోటికి అడ్డంగా చీర కొంగు.

నాలుగేళ్లుగా ఇదే వరస. 2018లో అందరికీ వచ్చే జలుబే ఆమెకూ వచ్చింది. జలుబు వారంలో పోయింది, దగ్గు ఉండిపోయింది. తెమడ లేదు, రక్తం లేదు, జ్వరం లేదు, బరువు తగ్గలేదు. గొంతులో చీమ పాకినట్టు దురద పుడుతుంది, అది పుట్టాక దగ్గకుండా ఉండటం ఆమె వల్ల కాదు. నిద్రలో తక్కువ. తెల్లారి నాలుగు మాటలు మాట్లాడగానే ఎక్కువ. ఏవేవి దగ్గు తెప్పిస్తాయని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టారు: ఏసీ గాలి, అగరుబత్తి, చాక్‌పీసు పొడి, గట్టిగా నవ్వడం, ఫోన్లో మాట్లాడటం. అన్నిటికన్నా ముందు పోపు. పక్క వాటా వాళ్లు పోపు పెట్టినా ఈమె ఇంట్లో కిటికీలు మూసుకోవాల్సిందే.

క్లాసులో పద్యం రాగం తీసి చదివి వినిపించడం ఆమెకు ఇష్టం. రెండేళ్లుగా అది మానేశారు, పిల్లల చేతే చదివిస్తున్నారు. కరోనా తర్వాత స్కూళ్లు తెరిచినప్పుడు ఈమె దగ్గగానే ముందు బెంచీ పిల్లలు వెనక్కి జరిగేవారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు.

కాసేపటికి కూతుర్ని బయట కూర్చోమన్నారు. తలుపు మూశాక, దగ్గినప్పుడల్లా మూత్రం పడిపోతోందని చెప్పారు. బడికి వెళ్తూ బ్యాగులో ఇంకో చీర పెట్టుకుంటున్నారు. నాలుగేళ్లలో ఈ మాట ఏ డాక్టరుకూ చెప్పలేదు, ఏ డాక్టరూ అడగలేదు. ఏళ్ల తరబడి దగ్గే ఆడవాళ్లలో ఇది చాలా మామూలు బాధ. వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఈ కేసు తర్వాత నేనే అడగడం మొదలుపెట్టాను, ఒంటరిగా ఉన్నప్పుడు.

సంచిలో ఏముంది

సీసాలు బయటికి తీసి టేబుల్ మీద వరసగా పెట్టాను. మొత్తం 11. కొన్ని ఖాళీవి, కొన్ని సగం ఉన్నవి. లేబుళ్లు చదువుతూ ఒక కాగితం మీద రాసుకున్నాను. నాలుగు సీసాల్లో కోడీన్‌తో పాటు క్లోర్‌ఫెనిరమిన్. మూడింటిలో డెక్స్‌ట్రోమెథార్ఫాన్, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపి. మూడింటిలో ఆంబ్రాక్సాల్, టెర్బ్యుటలిన్, గ్వైఫెనెసిన్. ఒకటి ఆయుర్వేద లేహ్యం.

ఆంబ్రాక్సాల్, గ్వైఫెనెసిన్ కఫాన్ని పల్చబరిచి బయటికి పంపడానికి. కోడీన్, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ దగ్గును అణచడానికి. ఆమె రెండు రకాలూ ఒకే వారంలో తాగిన రోజులున్నాయి. కఫమేమో అసలు లేనే లేదు. టెర్బ్యుటలిన్ గుండె దడ, చేతుల వణుకు తెస్తుంది. ఫినైలెఫ్రిన్ రక్తనాళాలను బిగిస్తుంది, బీపీ ఉన్నవాళ్లు జాగ్రత్తపడాల్సిన మందు. ఈమెకు బీపీ ఉంది. ఆ రోజు 158/96.

ఫైల్లో ఇంకో చీటీ కనపడింది. పరీక్షలన్నీ నార్మల్‌గా వస్తున్నాయి కాబట్టి ఇది టెన్షన్ వల్ల వచ్చే దగ్గని ఒక డాక్టరు డిప్రెషన్‌కు వాడే ఫ్లూఆక్సెటిన్ రాశారు. ఏడాదిగా వాడుతున్నారు. అక్కడ ఆగాను.

కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైము ఉంది. కోడీన్ తనంతట తాను పెద్దగా పనిచేయదు. దానిలో కొంత భాగాన్ని ఈ ఎంజైము మార్ఫిన్‌గా మారిస్తేనే పని జరుగుతుంది. డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌ను విరిచి ఒంట్లోంచి సాగనంపేదీ ఇదే ఎంజైము. ఫ్లూఆక్సెటిన్ దీన్ని గట్టిగా అడ్డుకుంటుంది. అంటే ఈమె ఒంట్లో కోడీన్ సరిగా మార్ఫిన్ కాలేదు, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ సరిగా బయటికి పోలేదు. ఒక మందు తేలిపోయింది, ఇంకోటి పేరుకుపోయింది. పైగా ఫ్లూఆక్సెటిన్, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ రెండూ మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచేవే.

"ఎప్పుడైనా ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, కుదురుగా కూర్చోలేకపోవడం జరిగిందా అమ్మా?" అని అడిగాను. తలుపు తీసి కూతుర్ని లోపలికి పిలిచారు. జరిగింది. అంతకుముందు ఆగస్టులో ఒక రాత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లారు. ఈసీజీ తీశారు, బాగానే ఉంది, గాభరా పడ్డారని ఇంటికి పంపారు. మందుల షాపు బిల్లులు తేదీలతో సరిచూశాను. ఆ రాత్రికి మూడు రోజుల ముందే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ సీసా కొత్తది కొన్నారు. దగ్గు ఆగడం లేదని చెప్పిన మోతాదుకు రెట్టింపు తాగుతున్నారు. అప్పుడు చూడని పేషెంటు గురించి ఇప్పుడు తీర్పు చెప్పడం సరికాదు. కానీ అది సెరటోనిన్ ఎక్కువైన లక్షణమేనని నా బలమైన అనుమానం.

కూతురు ఇంకో సంగతి చెప్పింది. అమ్మ బాగా గురక పెడుతుంది, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తుంది అని. మెడ పొట్టిగా, లావుగా ఉంది. నిద్రలో ఊపిరి ఆగే మనిషికి పడుకునే ముందు మత్తు తెచ్చే కోడీన్, క్లోర్‌ఫెనిరమిన్ కలిపిన మందు నాలుగేళ్లపాటు పోశామన్నమాట. ఫ్లూఆక్సెటిన్ లేని రోజుల్లో ఆ కోడీన్ మార్ఫిన్‌గా మారుతూనే ఉండి ఉంటుంది. ఆ ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు.

అన్నిటికన్నా భయపెట్టిన మాట చివర్లో వచ్చింది. "మా మనవరాలికి కూడా ఇదే పోస్తాం సార్, అర చెంచా. మూడేళ్లు దానికి." కోడీన్ ఉన్న సీసా. పన్నెండేళ్లలోపు పిల్లలకు దగ్గు కోసం కోడీన్ ఇవ్వకూడదని యూరప్ మందుల సంస్థ 2015లోనే తేల్చింది. ఒంట్లో ఆ ఎంజైము జోరుగా ఉన్న పిల్లల్లో కోడీన్ ఒక్కసారిగా మార్ఫిన్‌గా మారి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. మన దేశంలో కోడీన్, క్లోర్‌ఫెనిరమిన్ సిరప్‌ను కేంద్రం 2023 జూన్‌లో మరో 13 మిశ్రమ మందులతో కలిపి నిషేధించింది. ఆ రోజుకి మాత్రం అది ఇంకా షాపుల్లో ఉంది. సీసాలన్నీ నా దగ్గరే ఉంచుకున్నాను. పాపకు ఏడాది దాటింది కాబట్టి దగ్గు వచ్చినప్పుడు చెంచాడు తేనె చాలన్నాను. జలుబు దగ్గుకు పిల్లల్లో తేనె పనిచేస్తుందని పరీక్షించి చూశారు.

పిల్లల దగ్గు మందు విషయంలో ఒక మాట ఇక్కడే చెప్పాలి. సీసాలో మందు ఒక్కటే ఉండదు, మందును కరిగించిన ద్రవం కూడా ఉంటుంది. గ్లిజరిన్, ప్రొపైలీన్ గ్లైకాల్ వంటివి. వాటి స్థానంలో చవకైన డైఎథిలీన్ గ్లైకాల్ చేరితే కిడ్నీలు పాడవుతాయి. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ ద్రవం తాగి వందమందికి పైగా చనిపోయింది దీనివల్లే. 2022లో గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వారాలో చిన్నపిల్లలు చనిపోయిందీ ఇదే విషంతో. దాన్ని కనిపెట్టే పరీక్ష కొత్తదేమీ కాదు, ప్రతి బ్యాచికీ చేయగలిగినదే. ఛింద్వారా తర్వాత రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఐదేళ్లలోపు పిల్లలకు మామూలుగా సిఫారసు చేయలేమని కేంద్ర ఆరోగ్య సేవల విభాగం మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మంచి దగ్గు మందు గురించి మాట్లాడే ముందు సీసాలో విషం లేకుండా చూడాల్సిన స్థితిలో ఉన్నాం. ఆ టీచరమ్మ మనవరాలు క్షేమంగా ఉంది.

వెతికిన కారణాలు

పెద్దవాళ్లలో దగ్గు 8 వారాలు దాటితే దాన్ని దీర్ఘకాలపు దగ్గు అంటాం. మన దేశంలో రెండు వారాలు దాటితే చాలు, టీబీ పరీక్ష చేయాలి. అది ఆమెకు మూడుసార్లు చేశారు, నేను ఇంకోసారి చేశాను. లేదు. సీటీ స్కానులో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. శ్వాస పరీక్షలో ఆస్తమా కనపడలేదు, అంతకుముందు రెండు నెలలు ఇన్‌హేలర్ వాడినా మార్పు లేదు. ముక్కుకు స్ప్రే, కడుపు మంటకు మాత్రలు, రెండూ నెలల తరబడి వాడారు, ఉపయోగం లేదు. బీపీకి మొదట్లో రామిప్రిల్ వాడేవారు. ఆ జాతి మాత్రలు కొందరికి పొడి దగ్గు తెస్తాయి. దాన్ని 2020లోనే ఆపి టెల్మిసార్టాన్‌కు మార్చారు, దగ్గు తగ్గలేదు. ఈఎన్‌టీ డాక్టరు గొట్టం వేసి చూస్తే స్వరపేటిక వెనక కాస్త ఎరుపు తప్ప గడ్డలేమీ లేవు.

ఇంత వెతికాక మిగిలింది ఒకటే. దగ్గుకు కారణం ఊపిరితిత్తుల్లో కాదు, దగ్గును పుట్టించే నరంలో ఉంది. గొంతు నుంచి, శ్వాసనాళాల నుంచి వేగస్ నరం కబురు మోసుకెళ్తుంది. ఆ నరం ఒకసారి వైరస్ దెబ్బ తిన్నాక కొందరిలో మళ్లీ మామూలు కాదు. చల్లగాలి తగిలినా, మాట్లాడినా, ఏదో లోపలికి పోయినట్టు గగ్గోలు పెడుతుంది.

పోపు సంగతి ఇక్కడ బాగా పనికొస్తుంది. కాగిన నూనెలో ఎండుమిర్చి పడగానే ఇంటిల్లిపాదీ దగ్గుతారు. మిర్చిలోని క్యాప్‌సైసిన్ గాల్లోకి లేచి గొంతులోని నరాల చివర్లను తాకుతుంది. దగ్గు మీద పరిశోధన చేసేవాళ్లు ల్యాబులో చేసేది కూడా ఇదే. క్యాప్‌సైసిన్‌ను కొలిచి పీల్పించి, ఎంత మోతాదుకు ఎన్ని దగ్గులు వస్తాయో లెక్కపెడతారు. మనందరం దగ్గాలంటే పోపు గిన్నె మీదికి వంగాలి. ఈమెకు వీధి చివర్న పోపు చాలు.

ఎంత దగ్గుతున్నారో లెక్క లేకపోతే మందు పనిచేసిందో లేదో తెలియదు. పరిశోధనల్లో ఛాతీకి మైకు పెట్టి 24 గంటలు రికార్డు చేస్తారు. నా దగ్గర ఆ యంత్రం లేదు. ఇంట్లో ఫోన్‌లో గంటసేపు రికార్డు చేయమన్నాను, మామూలుగా మాట్లాడుకుంటూ ఉండగా. నా జూనియర్ విని లెక్కపెట్టాడు: 41 దగ్గులు. దాంతోపాటు దగ్గు బాధను కొలిచే లెస్టర్ ప్రశ్నావళి నింపించాను. 19 ప్రశ్నలు, 3 నుంచి 21 దాకా మార్కులు, తక్కువైతే బాధ ఎక్కువ. ఆమెకు 8.1.

పాత మందుల లోపం ఎక్కడుంది

దగ్గు మందుల చరిత్ర నల్లమందు చుట్టూ తిరుగుతుంది. 1898లో బేయర్ కంపెనీ హెరాయిన్‌ను దగ్గు మందుగా అమ్మింది. కోడీన్ అంతకంటే పాతది. 1958లో అమెరికాలో అనుమతి పొందిన డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌ను అలవాటు పడని మందుగా తెచ్చారు. మూడూ మెదడు మీదే పనిచేస్తాయి. గొంతు నుంచి కబురు ఎంత వచ్చినా మెదడు పట్టించుకోకుండా చేయడమే వాటి పద్ధతి. మెదడు మొద్దుబారితే దగ్గొక్కటే ఆగదు. మత్తు, మలబద్ధకం, ఊపిరి నెమ్మదించడం, అలవాటు పడటం వెంట వస్తాయి.

సరే, దగ్గయినా ఆగుతుందా? ఊపిరితిత్తులు దెబ్బతిన్న సీఓపీడీ రోగుల మీద మాంచెస్టర్‌లో 2006లో కోడీన్ ఇచ్చి, మైకుతో దగ్గులు లెక్కపెట్టి చూశారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగేమీ కాదని తేలింది. మందుల షాపులో దొరికే దగ్గు సిరప్‌లు మామూలు జలుబు దగ్గుకు పనిచేస్తాయనడానికి గట్టి సాక్ష్యం లేదు. జలుబు దగ్గు దానంతట అదే తగ్గుతుంది, పేరు సీసాకు వస్తుంది.

అసలు అన్ని దగ్గులనూ అణచకూడదు కూడా. అన్నం తింటూ పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తడతాం. ఆ క్షణంలో ప్రాణం కాపాడుతున్నది దగ్గే. మెతుకు ఊపిరితిత్తుల్లోకి జారకుండా బయటికి నెడుతుంది. పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లలో ఈ దగ్గు బలహీనపడి న్యుమోనియా రావడం వారం వారం చూస్తుంటాను. అలాంటివాళ్లకు ఇంట్లోవాళ్లు రాత్రి నిద్ర కోసం దగ్గు సిరప్ పోస్తే గుండె గుభేలుమంటుంది. మంచి దగ్గు మందు పొలమారిన దగ్గును వదిలేసి పోపు దగ్గును మాత్రమే ఆపాలి. తలను నిద్రపుచ్చకుండా గొంతులోని నరాన్ని చల్లార్చాలి. టీచరమ్మకు కావలసింది అదే, నా చేతిలో లేనిదీ అదే.

చేసిన వైద్యం

మొదటి నెల కొత్త మందేమీ ఇవ్వలేదు. సిరప్‌లన్నీ ఆపించాను. ఫ్లూఆక్సెటిన్‌ను మానసిక వైద్యుడితో మాట్లాడి ఆపాం. ఆమెకు డిప్రెషన్ లేదని ఆయనా అన్నారు. హనుమకొండలో ఉన్న ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపాను. దగ్గుకు మాటలు నేర్పే డాక్టరు ఎందుకని ఆమె అడిగారు. ఆస్ట్రేలియాలో 2006లో 87 మంది మీద ఈ పద్ధతిని పరీక్షించారు. దగ్గును ఆపుకోవడం నేర్చుకున్నవాళ్లలో 88 శాతం మెరుగయ్యారు, మామూలు ఆరోగ్య సలహాలు మాత్రమే విన్నవాళ్లలో 14 శాతం.

నేర్పింది వినడానికి చిన్న విషయం. దురద పుట్టగానే దగ్గకుండా గుటక వేయాలి, లేదా ఒక గుక్క నీళ్లు తాగాలి. తర్వాత ముక్కుతో గాలి పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలాలి. దగ్గిన కొద్దీ గొంతు ఒరుసుకుపోయి మళ్లీ దగ్గు తెస్తుంది, ఆ చక్రాన్ని తెంపడమే దీని ఉద్దేశం. మొదటి వారం ఆమెకు కుదరలేదు. రెండో వారం ఇంట్లో పది దురదల్లో మూడింటిని ఆపగలిగారు. బడికి స్టీలు బాటిల్ తీసుకెళ్లడం మొదలుపెట్టారు. నెలాఖరుకు మార్కులు 8.1 నుంచి 10.4కు పెరిగాయి. ఈ ప్రశ్నావళిలో 1.3 పెరిగితే మనిషికి తేడా తెలిసినట్టే. మూత్రం కోసం గైనకాలజిస్టు కటి కండరాల వ్యాయామాలు నేర్పారు.

నిద్ర పరీక్షలో గంటకు 22 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో కనపడింది. రెండో నెల నుంచి రాత్రిపూట సీపాప్ యంత్రం, అంటే ముక్కులోంచి గాలిని తోసి ఊపిరి దారి తెరిచి ఉంచేది, పెట్టుకుంటున్నారు. గురక జబ్బుకు వైద్యం చేస్తే కొందరిలో దగ్గు కూడా తగ్గుతుంది. కాబట్టి ఆ తర్వాత వచ్చిన మెరుగులో దాని వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

ఇక మందు. ఇలాంటి మొండి దగ్గుకు తక్కువ మోతాదు మార్ఫిన్‌ను, 5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 2020 నాటి యూరప్ మార్గదర్శకాలు సిఫారసు చేశాయి. పనిచేసేవాళ్లలో వారంలోపే తేడా తెలుస్తుంది. నిద్రలో ఊపిరి ఆగే ఈమెకు అది ఇవ్వడానికి నా చేయి రాలేదు. గబాపెంటిన్ ఎంచుకున్నాను. నరాల నొప్పి మందు అది. 2012లో ఆస్ట్రేలియాలో 62 మంది మీద పరీక్షిస్తే మొండి దగ్గు తగ్గింది, ఆపగానే తిరిగి వచ్చింది. రాత్రి 300 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగు వారాల్లో 900 దాకా పెంచాను.

2023 మార్చిలో వచ్చినప్పుడు ఆమె "నమస్తే సార్" అని, ఆ తర్వాత మూడు నాలుగు వాక్యాలు దగ్గకుండా మాట్లాడారు. గంట రికార్డింగులో 17 దగ్గులు. మార్కులు 13.9. నేను సంతోషంగా చీటీ రాస్తుంటే ఆమె అన్నారు: "దగ్గు తగ్గింది సార్. కానీ పద్యం మొదలుపెడితే మూడో పాదం గుర్తు రావట్లేదు. ముప్ఫై ఏళ్లుగా నోటికొచ్చిన పద్యం. పిల్లలు అందిస్తున్నారు."

పెన్ను పక్కన పెట్టాను. కోడీన్ తల మీద పనిచేస్తుందని తప్పుపట్టిన నేను ఇచ్చింది కూడా తల మీద పనిచేసే మందే. గొంతు తిరిగొచ్చాక పద్యం పోయింది. మోతాదు 600కు తగ్గించాను. పాదం కొంత గుర్తొచ్చింది, దగ్గు కొంత పెరిగింది.

అల్లుడి ఫోను

ఆమె అల్లుడు న్యూజెర్సీలో ఉంటాడు. 2023 నవంబరు చివర్లో వీడియో కాల్ చేసి, దగ్గు నరం మీదే పనిచేసే కొత్త మాత్ర గురించి చదివానని, అమెరికాలో వస్తే పంపిస్తానని అన్నాడు. అతను చెప్పింది గెఫాపిక్సాంట్ గురించి. ఆ కథ ఆమెకు చెప్పినట్టే, తర్వాత జరిగింది కూడా కలిపి ఇక్కడా చెబుతాను.

మొదట అందరి దృష్టీ నరం చివర మిర్చి తాకే గ్రాహకం, అంటే కబురు అందుకునే చోటు, మీదే పడింది. దాని పేరు టీఆర్‌పీవీ1. దాన్ని మూసేసే మందులు తయారుచేశారు, మనుషుల మీద పరీక్షించారు. ల్యాబులో క్యాప్‌సైసిన్ పీలిస్తే వచ్చే దగ్గు తగ్గింది. ఇంట్లో రోజంతా వచ్చే దగ్గు తగ్గలేదు. పోపు ఈ దగ్గును రేపుతుంది, కానీ దీన్ని పుట్టించేది అది కాదని అర్థమైంది.

కీలకం ఇంకో చోట ఉంది. ఒంట్లో ప్రతి కణానికీ శక్తినిచ్చే ఏటీపీ, కణం దెబ్బతింటే బయటికి ఒలుకుతుంది. నరం చివర ఉన్న పీ2ఎక్స్3 అనే గ్రాహకం దాన్ని పసిగట్టి దగ్గు పుట్టిస్తుంది. ఏటీపీ నరాలకు కబురు కూడా మోస్తుందని 1970ల మొదట్లో జెఫ్రీ బర్న్‌స్టాక్ చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. గెఫాపిక్సాంట్ పేరులోని మొదటి అక్షరాలు ఆయన గౌరవార్థమే. ఈ మందు పీ2ఎక్స్3ని మూస్తుంది. మెదడు జోలికి పోదు, మత్తు లేదు, అలవాటు లేదు.

2015లో ఇంగ్లండులో మొండి దగ్గు ఉన్న 24 మందికి దీన్ని 600 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తే, ఉత్తుత్తి మాత్రతో పోల్చితే పగటి దగ్గు 75 శాతం తగ్గింది. దగ్గు మందుల చరిత్రలో అంత తగ్గుదల ఎవరూ చూడలేదు. కానీ ఆ మందు వేసుకున్న ప్రతి ఒక్కరికీ నాలుక మీద రుచి చెడిపోయింది. నాలుక నుంచి రుచి మోసే నరాలు కూడా ఏటీపీతోనే మాట్లాడతాయి. అక్కడ ఉండేది పీ2ఎక్స్2, పీ2ఎక్స్3 కలిసిన జంట గ్రాహకం. ఈ మందు ఒంటరిదాన్ని మూస్తూ జంటను కూడా మూసేస్తోంది.

అందుకే మోతాదు 45 మిల్లీగ్రాములకు దించి పెద్ద ప్రయోగాలు చేశారు. రెండింట్లో కలిపి రెండువేల మందికి పైగా. దగ్గు తగ్గుదల ఉత్తుత్తి మాత్ర కన్నా ఒకదాంట్లో 18.5 శాతం, ఇంకోదాంట్లో 14.6 శాతం మాత్రమే ఎక్కువ. ఉత్తుత్తి మాత్ర వాళ్లలోనే దగ్గు సగం దాకా తగ్గడం దీనికి ఒక కారణం. రుచి ఇబ్బంది మాత్రం సగం మందికి పైగా ఉంది. జపాన్ 2022 జనవరిలో, యూరప్ 2023 సెప్టెంబరులో అనుమతించాయి. అమెరికాలో 2023 నవంబరు 17న సలహా సంఘం 12-1తో కాదంది. డిసెంబరులో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రెండోసారి తిరస్కరించింది. ఇంత కొద్ది మేలు పేషెంటుకు తెలిసేంత మేలేనా అన్నది వాళ్ల ప్రశ్న. అది సరైన ప్రశ్నేనని నేనూ అనుకుంటాను.

దీని తర్వాతి మందు కామ్లిపిక్సాంట్. జంటను వదిలేసి ఒంటరి పీ2ఎక్స్3ని మాత్రమే మూసేలా తయారుచేశారు. రెండో దశ ప్రయోగంలో ఉత్తుత్తి మాత్రతో పోల్చితే దగ్గు 34 శాతం తగ్గింది, రుచి మారినవాళ్లు నూటికి ఏడుగురు కూడా లేరు. మందుల కంపెనీ జీఎస్‌కే 2023లో దీన్ని తయారుచేసిన కంపెనీని కొని మూడో దశ ప్రయోగాలు కొనసాగించింది. ఇదే దారిలో వెళ్లిన ఎలియాపిక్సాంట్‌ను మాత్రం లాభనష్టాలు బేరీజు వేసుకుని బేయర్ 2022లో ఆపేసింది. మందు ఎంత చక్కగా గురిచూసినా మనిషి ఒంట్లో ఎలా ఉంటుందో చూడకుండా చెప్పలేం.

ఆ రోజు ఫోను స్పీకర్లో పెట్టి అప్పటిదాకా జరిగినదంతా చెప్పాను. కూతురు వెంటనే "వద్దమ్మా, తిండి రుచి లేకుండా ఎలా?" అంది. టీచరమ్మ ఏడాదికి సరిపడా ఆవకాయ స్వయంగా కలిపే మనిషి. కాసేపు ఆలోచించి, "రుచి పోతే పోనీ. ఆవకాయ మీరు తినండి. నాకు క్లాసులో పద్యం నిలబడాలి" అన్నారు. అల్లుడు అటువైపు ఏమీ మాట్లాడలేదు. మందు వల్ల మారిన రుచి, మందు ఆపితే చాలామందిలో తిరిగి వస్తుందని చెప్పాను. ఏ మందుకైనా ఏ ఇబ్బంది ఓర్చుకోవచ్చో నిర్ణయించాల్సింది ఆ ఇబ్బంది పడేవాళ్లే అని ఆమె మాటతో నాకు గట్టిగా అర్థమైంది. నా లెక్కలో మతిమరుపు చిన్న దుష్ఫలితం, రుచి పోవడం పెద్దది. ఆమె లెక్క తిరగేసి ఉంది.

అయినా అది నేను రాసివ్వగలిగిన మందు కాదు. విదేశం నుంచి ఎవరి చేతనో తెప్పించి, చూసుకునే డాక్టరు లేకుండా వాడొద్దని అల్లుడికి గట్టిగా చెప్పాను.

ఆ తర్వాత

2024 జనవరిలో గబాపెంటిన్‌ను రాత్రిపూట 300కు దించాం. స్పీచ్ థెరపీ మళ్లీ ఆరు వారాలు చేయించాను, ఈసారి పద్యం చదువుతూనే: ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఏ యతి దగ్గర గుటక వేయొచ్చు అన్నది థెరపిస్టు ఆమెతో కూర్చుని గుర్తులు పెట్టింది. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించారు. పోపు బాధ్యత కూతురు తీసుకుంది. సీపాప్ రోజూ వాడుతున్నారు, బీపీ 132/84కు వచ్చింది. మూత్రం ఇబ్బంది వారానికి ఒకసారికి తగ్గింది.

ఏప్రిల్‌లో మార్కులు 14.6. పూర్తిగా తగ్గలేదు. చలిగాలికి, పెళ్లిళ్లలో సాంబ్రాణి పొగకు ఇప్పటికీ తెర వస్తుంది. మోతాదు తగ్గించాం కాబట్టి గబాపెంటిన్ వాటా తగ్గింది. మిగతాది ఆమె సాధన, బహుశా సీపాప్, కొంతవరకు కాలం చేసిన పని కూడా కావచ్చు. ఒక్క కేసు నుంచి ఇంతకు మించి చెప్పడం తప్పవుతుంది.

ఆ రోజు ఆమె ఇంకో రికార్డింగు తెచ్చారు. తొమ్మిదో తరగతి క్లాసు, 45 నిమిషాలు. ఓపీ అయ్యాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొత్తం విన్నాను. ఆరు దగ్గులు. 31వ నిమిషంలో పద్యం ఎత్తుకున్నారు. రెండు పాదాలయ్యాక గొంతు గరగరలాడింది. స్టీలు బాటిల్ మూత తీసిన చప్పుడు, గుటక, ముక్కుతో ఊపిరి. మూడో పాదం ఎవరూ అందించకుండానే వచ్చింది, అదే రాగంలో.